బాబిన్ ఛాతీ కొలత

సాయంత్రం ఆరయిందంటే అత్త కుట్టుమిషన్ ఆగిపోతుంది. చొక్కా చెయ్యి సగం అతికి సగం వేలాడుతున్నా సరే, కాలరులో సూది దిగి ఉన్నా సరే, అక్కడికక్కడే ఆగిపోతుంది. "ఇంకొక్క కుట్టేగా, వేసేసి లేవకూడదా" అని ఎవరైనా తొందరపెడితే, అత్త కళ్ళజోడు మీదుగా ఒక చూపు చూసి, "నీ చొక్కా పావుగంట ఆగుతుంది. వాడి జబ్బు ఆగదు" అంటుంది.

వాడంటే బాబిన్. బూడిదరంగు మగపిల్లి. నెల పిల్లగా ఉన్నప్పుడు మిషన్ కింద చేరి, దారం చుట్టిన బాబిన్లన్నీ దొర్లించి షాపంతా దారం పరిచేశాడట. ఆ పేరే నిలిచిపోయింది. పదకొండేళ్ళుగా ఇంట్లో తిరుగుతున్నవాణ్ణి 'అది' అంటే అత్త ఊరుకోదు. కొత్తగా వచ్చినవాళ్ళు "మీ పిల్లి ఏమైనా అంటుందా అండీ?" అని భయపడితే, "ఏమీ అనడు. మీరు కూర్చున్నది వాడి కుర్చీ, అంతే" అంటుంది. వాళ్ళు లేచి నిలబడతారు. బాబిన్ ఎక్కి కూర్చుంటాడు.

ఇంటి ముందుగదే షాపు. వీధివైపు రెండు మిషన్లు, మధ్యలో కత్తిరింపు బల్ల, వెనక మామయ్య ఇస్త్రీ బల్ల, ఓ మూల తెర కట్టిన అద్దం. కత్తిరింపు బల్ల అంచు పొడుగునా ఇనుప స్కేలు మరలతో బిగించి ఉంటుంది. ఆ బల్ల దగ్గర నిలబడేది మేనకోడలు. పల్లెలో బడి చదువు అయ్యాక, పని నేర్చుకోమని తండ్రి ఆమెను తన అక్క దగ్గర వదిలిపెట్టి రెండేళ్ళయింది. మొదటి ఏడాది గుండీలు, కాజాలు, అంచు కుట్లు. రెండో ఏడాది మిషన్. కత్తెర చేతికొచ్చి నాలుగు నెలలే. అత్త కొలత తీసి పుస్తకంలో రాస్తుంది, మేనకోడలు ఆ అంకె చూసి ఇనుప స్కేలు మీద కొలిచి కత్తిరిస్తుంది. ఆ పిల్ల మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ. మామయ్య అందుకే, "మన షాపులో మూడు మూగజీవాలున్నాయి. ఒకటి బాబిన్, రెండోది మా కోడలు పిల్ల, మూడోది నేను. మొదటి రెండూ పుట్టుకతో, నేను పెళ్ళయ్యాక" అంటాడు.

ఆరింటికి జరిగే పని చూడడానికి మేనకోడలు రోజూ కత్తెర పక్కన పెట్టి తలెత్తేది. ఎన్నిసార్లు చూసినా ఆమెకు తనివి తీరేది కాదు.

అత్త చెయ్యి కడుక్కుని, కుట్లు విప్పే కొత్త బ్లేడుతో మాత్రను సరిగ్గా రెండు ముక్కలు చేస్తుంది. ఒక ముక్క మళ్ళీ సీసాలోకి, ఒక ముక్క గుండీలు పెట్టుకునే చిన్న పింగాణీ గిన్నెలోకి. తర్వాత "రారా నాయనా" అని పిలుస్తుంది. వాడు రాడు. ఆ పిలుపెందుకో వాడికి తెలుసు. అత్త వెతకదు, తరమదు. ఇస్త్రీ బల్ల కింద వెచ్చగా పడుకున్నవాడి పక్కన తనూ నేలమీద చతికిలబడి, వాడి చెవి వెనక గోకుతూ ఆ రోజు ఎవరు ఏ బట్ట తెచ్చారో చెబుతుంది. చెబుతూ చెబుతూనే వాడికి 'మందు గౌను' తొడుగుతుంది. అది అత్త సొంత తయారీ. కోటు లోపల వేసే మెత్తటి లైనింగు గుడ్డతో సంచిలా కుట్టి, మెడ దగ్గర ఒకే ఒక పెద్ద గుండీ పెట్టింది. నాలుగు కాళ్ళూ లోపలే. గోళ్ళు తగలవు, వాడికి నొప్పీ ఉండదు. ఎడమచేత్తో తల పట్టి, కుడిచేతి వేలు కోరపన్ను వెనక ఆనిస్తే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. మాత్ర నాలుక వెనక్కి పడుతుంది. నోరు మూసి, గొంతు కింద రెండు వేళ్ళతో నిమిరి, ముక్కు మీద చిన్నగా ఊదుతుంది. ఆ తర్వాత చూడాలి అత్త మొహం. ఊపిరి కూడా తీయకుండా వాడి ముక్కు వంకే చూస్తుంది. నాలుక బయటికి వచ్చి ముక్కు నాకిందంటే మింగినట్టే. నాకగానే, "శభాష్రా" అని గుండీ తీసి, ఉడికించిన చేపముక్క ముందు పెడుతుంది.

ఇదంతా చేసేది ఎవరు? దారం తెగితే మిషన్‌ని పిడికిలితో గుద్దే మనిషి. ట్రయల్‌కి రెండు నిమిషాలు ఆలస్యంగా వస్తే "మీ టైముకి నా టైమేమైనా పాలేరా?" అని అడిగే మనిషి. మామయ్య మంచినీళ్ళు రెండోసారి అడిగితే, "చేతులున్నాయిగా" అనే మనిషి. మాట గరుకు కాగితం, ఆ పిల్లి దగ్గర మాత్రం చెయ్యి వెన్న. ఒక మనిషిలో ఇంత ఓపిక ఎక్కడ దాక్కుని ఉంటుందో మేనకోడలికి అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోయినా ఆ చెయ్యి కదిలే తీరు నేర్చుకోవాలని మాత్రం ఉండేది.

జబ్బు బయటపడింది కూడా అత్త కంటికే. "నలుగురి తిండి తింటున్నాడు, నిమిరితే ఎముకలు తగులుతున్నాయి. ఇదేదో మంచి ఆకలి కాదు" అని బుట్టలో పెట్టుకుని పశువుల ఆస్పత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేసి, మెడలో ఉండే ఒక చిన్న గ్రంథి అదుపు తప్పి పనిచేస్తోందని, అందుకే ఒళ్ళు కరిగిపోతోందని, గుండె పరుగెడుతోందని చెప్పింది. అత్త తన భాషలోకి మార్చుకుంది: "అంటే మోటారు పెడలు మీద కాలు ఇరుక్కుపోయింది. బట్ట ఉన్నా లేకపోయినా సూది దిగుతూనే ఉంటుంది."

"అంతే! ఈ మాత్ర ఆ కాలిని కాస్త ఎత్తుతుంది. కానీ జబ్బు పోదమ్మా. రోజుకు రెండుసార్లు, పన్నెండు గంటలకొకసారి, బతికున్నంత కాలం వెయ్యాలి. చాలామంది నెల తిరక్కుండా మానేస్తారు."

"నేను చాలామందిని కాదులెండి" అంది అత్త.

ఇంటికొచ్చి చెబితే మామయ్య చేతిలో ఇస్త్రీపెట్టె అలాగే పట్టుకుని, "ముప్పై ఏళ్ళ కాపురంలో నా బీపీ మాత్ర టైము నీకు ఒక్కరోజైనా గుర్తుందా?" అన్నాడు.

"మీరూ నోరు తెరవనని మొండికేయండి, వేలు పెట్టి మింగిస్తా."

మొదటి మూడు వారాలు యుద్ధమే. మాత్రను చేపలో పెడితే చేప తిని మాత్ర మిగిల్చేవాడు. పొడి చేద్దామంటే చేదు, డాక్టరమ్మ వద్దంది. మింగినట్టే మింగి, చెంపలో దాచి, పది నిమిషాల తర్వాత అద్దం వెనక ఉమ్మేవాడు. ఒకరోజు మేనకోడలు మిషన్ కింద ఊడుస్తుంటే నానిపోయిన మాత్రముక్కలు మూడు దొరికాయి. అత్త చేతులు చూస్తే గీతలే గీతలు. ఒక కోటు తీసుకోవడానికొచ్చిన పెద్దమనిషి ఆ చేతులు చూసి, "సూదులు గుచ్చుకున్నాయా?" అని జాలిపడ్డాడు. "అవును, పద్దెనిమిది సూదులు, నాలుగు కాళ్ళమీద నడుస్తాయి" అంది అత్త. కానీ ఒక్కసారి చెయ్యెత్తలేదు. ఒక్క పూట మానలేదు. మూడో వారం చివర్లోనే మందు గౌను పుట్టింది.

అదే వారం రెండోసారి రక్తం తీయించడానికి తీసుకెళ్తే, బుట్టలోనే బాబిన్ నోరు తెరిచి కుక్కలా రొప్పాడు. నాలుక నీలంగా మారింది. డాక్టరమ్మ కంగారుపడి, వాడు కుదుటపడ్డాక, "ఈ భయం వాడి గుండెకి మంచిది కాదు. మరీ అవసరమైతే తప్ప తీసుకురాకండి. ఇంట్లోనే వారం వారం బరువు చూసి ఫోను చెయ్యండి. ఒళ్ళు పడుతుంటే మందు పట్టినట్టు. మందు వేస్తున్నా చిక్కిపోతుంటే మాత్రం... అప్పుడు మాట్లాడుకుందాం" అంది.

ఇంటికొచ్చాక తూకం యంత్రం మీద బాబిన్ క్షణం నిలవలేదు. అత్తకు అది అవసరమూ అనిపించలేదు. "ముప్పై ఏళ్ళుగా మనుషుల ఒళ్ళు టేపుతో చదువుతున్నా. వీణ్ణి చదవలేనా?" అంది. డాక్టరమ్మ ఫోనులో నవ్వి, సరే, ముందరి కాళ్ళ వెనకగా, ఎప్పుడూ ఒకే చోట, ఒకే మనిషి కొలవాలని చెప్పింది. కొలతల పుస్తకంలో ఒక టీచరు జాకెట్టుకీ ఒక కండక్టరు చొక్కాకీ మధ్య పేజీలో అత్త రాసింది: 'బాబిన్. ఛాతీ.' మందు మొదలైన రోజే, చలికి చిన్న చొక్కా కుడదామని సరదాకి తీసిన కొలత ఒకటి ఉంది. పదకొండుముప్పావు. దాని కింద ప్రతి శుక్రవారం ఒక అంకె. నాలుగో వారానికి పన్నెండు. అయిదో వారానికి పన్నెండుంబావు. ఆ శుక్రవారం అత్త మిషన్ తొక్కుతూ పాట కూడా పాడింది. మామయ్య ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "కోడలు పిల్లా, వింటున్నావా? ఇప్పుడు జబ్బు ఎవరికి?" అన్నాడు.

ఒక్కటే చిక్కు. షాపులో వాడే టేపు కొత్తది, బిరుసు. కొనకు ఇత్తడి ముక్క. విప్పితే పటపటమంటుంది, ఒంటికి తగిలితే చల్లగా ఉంటుంది. అది చూస్తేనే బాబిన్ వణికి ముడుచుకుపోయేవాడు. మాత్రకు అలవాటు పడ్డవాడు టేపుకు పడలేదు. వాడి వణుకు అత్త చూడలేకపోయింది. పెట్టెలో అడుగున దాచుకున్న తన పాత టేపు తీసింది. ఆమె పని నేర్చుకున్ననాటిది. పచ్చరంగు వెలిసిపోయి, వేలిమీద పట్టురిబ్బనులా జారిపోయే మెత్తటి టేపు. ఆరో శుక్రవారం దాన్ని వాడి ఛాతీ చుట్టూ వేస్తే వాడు కళ్ళు మూసుకుని గురగురమన్నాడు. "చూశావా, పాతది పాతదే" అని అత్త మురిసిపోయి, ఆ టేపు ఇంక మెడలోంచి తీయలేదు. అందరి కొలతలూ దాంతోనే.

కానీ ఆ శుక్రవారం అంకె పదకొండుముప్పావుకి ఒక గీత తక్కువ వచ్చింది.

అత్త మళ్ళీ కొలిచింది. మళ్ళీ అంతే. ఏమీ అనకుండా రాసి, పుస్తకం మూసేసింది. ఆ వారమంతా చేపముక్క పెద్దదైంది. మాత్ర నిమిషం అటూ ఇటూ కాలేదు. ఏడో శుక్రవారం పదకొండుముప్పావు. మందు మొదలుపెట్టిన రోజు ఎంతో, మళ్ళీ అంతే. ఏడు వారాల ఓపిక, గీతలు పడ్డ చేతులు, తొంభై ఎనిమిది మాత్రముక్కలు, అన్నీ కలిసి బయల్దేరిన చోటికే వచ్చాయి.

ఫోనులో డాక్టరమ్మ పాత అంకెలన్నీ మళ్ళీ చదివించుకుంది. తర్వాత మెల్లగా, "మందు వేస్తున్నా అంత తగ్గాడంటే లోపల ఇంకేదో ఉండొచ్చమ్మా. సోమవారం తీసుకురండి. వాణ్ణి ఇంకా ఎంత కష్టపెట్టాలి అన్నది కూడా ఆలోచిద్దాం" అంది. ఫోను పెద్దగా వినిపిస్తుంది కాబట్టి షాపులో అందరూ విన్నారు.

అత్త ఫోను పెట్టేసి, దారం ఎక్కించబోయింది. సూది బెజ్జం మూడుసార్లు తప్పింది.

శనివారం ఉదయం ఆరింటికి పింగాణీ గిన్నె ఖాళీగా ఉంది. మేనకోడలు చూసింది, మామయ్యా చూశాడు. అత్త వాళ్ళిద్దరి వంకా చూడకుండా, "ఈ రెండు రోజులన్నా వాణ్ణి హాయిగా ఉండనివ్వండి. నేను మందు వేస్తున్నా అనుకున్నా ఇన్నాళ్ళూ. హింస పెట్టానేమో" అంది. మామయ్య వెళ్ళి ఇస్త్రీపెట్టె వేడి పెట్టుకున్నాడు. ఆయనకు హాస్యం తోచకపోవడం మేనకోడలు చూడడం అదే మొదటిసారి. తొడగని మందు గౌను కొక్కేనికి వేలాడుతోంది. బాబిన్ దాని కింద కూర్చుని, ఇవాళ ఎవరూ తనను పిలవలేదేమా అన్నట్టు అందరి మొహాలూ చూస్తున్నాడు.

సాయంత్రం అయిదు దాటాక నర్సమ్మ వచ్చింది. ఆస్పత్రి తెల్లకోటుకు వారం క్రితం కొలత ఇచ్చి వెళ్ళింది. తెర వెనక తొడుక్కుని, ఊపిరి బిగబట్టి బయటికొచ్చింది.

"అక్కా, ఇది నాదేనా, మా చెల్లెలిదా? గుండీ పెడితే గుండీ ఎగిరి పేషెంటు కంట్లో పడేలా ఉంది."

అత్త లేచి చూసింది. చంకల దగ్గర బిగుసుకుపోయి, ఛాతీ మీద ముడతలు. అంగుళం తక్కువ, ఎవరికైనా తెలుస్తుంది. మొన్నటికి మొన్న బస్సు డ్రైవరు కూడా, "సీట్లో కూర్చుంటే ప్యాంటు నన్ను బ్రేకు వేస్తోందమ్మా" అని తిరిగి ఇచ్చి వెళ్ళాడు. ఆ ప్యాంటు కత్తిరించిందీ మేనకోడలే.

"మొన్న అదొకటి, ఇవాళ ఇదొకటి" అంది అత్త. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. అదే ఎక్కువ బాధపెట్టింది. "నీ చెయ్యి నిలకడ తప్పింది పిల్లా. కొన్నాళ్ళు కత్తెర నాకిచ్చెయ్."

మేనకోడలు కత్తెర తీసి బల్ల మీద పెట్టింది. ఏడుపు వచ్చేలా ఉంది. కానీ ఆమెకు చిన్నప్పటినుంచీ ఒక అలవాటు, ఏడుపొస్తే ఎదురుగా ఉన్న వస్తువును పట్టి పట్టి చూడడం. ఎదురుగా నర్సమ్మ విడిచిన కోటు ఉంది. దాన్ని తిరగేసి, కుట్టు నుంచి కుట్టుదాకా ఇనుప స్కేలు మీద పరిచింది. పుస్తకం తెరిచింది. ముప్పై ఆరు అని ఉంది. ముప్పై ఆరుకు ఎంత వదులు కలపాలో అంతా కలిపి ఉంది. కత్తిరింపులో గీత తేడా లేదు. డ్రైవరు ప్యాంటు తీసింది. అదీ అంతే. పుస్తకంలో అంకెకు సరిగ్గా ఉంది. మనిషికే సరిపోవడం లేదు.

"అక్కా, ఓసారి లోపలికి రండి" అని నర్సమ్మను తెర వెనక్కి పిలిచి, సొరుగులోంచి ఇత్తడి కొన ఉన్న బిరుసు టేపు తీసి కొలిచింది. ముప్పై ఏడుంబావు.

"వారం రోజుల్లో అంగుళంబావు పెరిగానా?" అంది నర్సమ్మ. "మా ఆయన చూసి సంతోషిస్తాడో, వంట మానేస్తాడో!"

మేనకోడలు నవ్వలేదు. తెర పక్కకు జరిపి అత్త వంక చూసింది. మెడలో వెలిసిపోయిన పచ్చటేపు. అడగాలంటే నోరు రావడం లేదు. పిల్లి మెడలో గంట కట్టేదెవరంటారే, ఈ షాపులో ఆ పిల్లి బాబిన్ కాదు, అత్త.

"అత్తా."

"ఊఁ."

"నీ మెడలో టేపు ఒక్కసారి ఇస్తావా?"

మిషన్ ఆగింది. మామయ్య వెనకనుంచి, "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కత్తెర సరిగ్గా లేక టేపు ఓడంటావా కోడలు పిల్లా?" అన్నాడు. ఎగతాళికే అన్నా, ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అయినా చాచిన చెయ్యి వెనక్కి తీయలేదు. అత్త ఒక్క క్షణం ఆ చేతిని చూసి, టేపు తీసి అందులో పెట్టింది.

ఆమె దాన్ని ఇనుప స్కేలు పక్కన పరిచింది. లాగలేదు, వదులుగానే పరిచింది. సున్నా దగ్గర సున్నా పెట్టింది. టేపు మీద పన్నెండు ఉన్నచోట స్కేలు మీద పన్నెండున్నర, ఇంకో గీత. ముప్పై ఆరు ఉన్నచోట ముప్పై ఏడు దాటి పావు.

ముగ్గురూ బల్ల మీదికి వంగారు. ఇన్నేళ్ళ ఒళ్ళు, ఇన్నేళ్ళ లాగుడు. బట్ట టేపు సాగిపోయింది, ఎక్కువగా వేళ్ళు పట్టి లాగే మొదటి అడుగు. అందుకే అంత మెత్తన. సాగిన టేపు ఎవరి ఒంటి చుట్టూ వేసినా తక్కువే చూపిస్తుంది.

"అమ్మో" అంది అత్త. వెంటనే ఆమె మనసు పుస్తకంలోకి పోయింది. "ఈ వారం రోజుల్లో ఎంతమందిని కొలిచాను? వకీలుగారి కోటు ఉంది, ఆ బేకరీ అమ్మాయి గౌను ఉంది..."

"అత్తా," అంది మేనకోడలు, "బాబిన్‌ని ఏ టేపుతో కొలిచావు?"

మామయ్య చేతిలో ఇస్త్రీపెట్టె గాల్లోనే ఉండిపోయింది. అత్త మొహంలో రంగు పోయి, మళ్ళీ మెల్లగా రావడం మేనకోడలు చూసింది. ఒకే చోట కొలవమని, ఒకే మనిషి కొలవమని డాక్టరమ్మ చెప్పింది. ఒకే టేపుతో కొలవమని చెప్పలేదు. ముప్పై ఏళ్ళ దర్జీకి ఆ మాట చెప్పాలని ఎవరికి తోస్తుంది?

"నువ్వు కొలిచి చూడు" అంది అత్త. "నా చేతులు ఇప్పుడు నమ్మను."

మేనకోడలు బిరుసు టేపు తీసుకుని, ఇత్తడి కొనను అరచేతిలో మూసి వెచ్చబడేదాకా ఉంచింది. ఇస్త్రీ బల్ల కింద చతికిలబడింది. ఏం మాట్లాడాలో తోచలేదు, మాటలు ఆమెకు తొందరగా దొరకవు. అత్త రోజూ చెప్పేవే గుర్తుతెచ్చుకుని, "ఇవాళ నర్సమ్మ కోటు బిగువయిందిరా. డ్రైవరు ప్యాంటూ బిగువేరా" అని చెబుతూ చెవి వెనక గోకింది. వాడు తల ఆనించాడు. ముందరి కాళ్ళ వెనకగా టేపు చుట్టి, వేలు పెట్టి చూసింది. ఇంకోసారి చూసింది.

"పన్నెండుంబావు" అంది. "మీద ఒక గీత."

అత్త పుస్తకం తెరిచి పట్టుకుని ఉంది. అయిదో వారం పన్నెండుంబావు. దాని మీద ఇప్పుడు ఇంకో గీత. తగ్గలేదు. ఒక్కరోజూ తగ్గలేదు. పెరుగుతూనే ఉన్నాడు. మందు పట్టింది.

ఆమె ఏడుస్తుందేమోననుకుంది మేనకోడలు. ఏడవలేదు. గోడ గడియారం వంక చూసి, ఉలిక్కిపడి, "ఆరూ ఇరవై! పొద్దుటిది కూడా వెయ్యలేదు. ఏం మనుషులురా మీరు, ఒక్కళ్ళన్నా గుర్తుచెయ్యరా!" అని అందరినీ కసిరింది.

"గుర్తుచేస్తే కొడతావని" అన్నాడు మామయ్య.

"పొద్దుటిదీ ఇదీ కలిపి వెయ్యొచ్చా?" అని నర్సమ్మని అడిగింది అత్త.

"వద్దక్కా, ఎప్పుడూ వద్దు. తప్పింది తప్పిపోనీ. ఇప్పటిది ఇప్పుడు వెయ్యి."

కొక్కెం మీది గౌను దిగింది. బ్లేడు కింద మాత్ర సరిగ్గా రెండైంది. అత్త నేలమీద కూర్చుని, ముక్కను వేళ్ళమధ్య పట్టుకుని, ఒక్క క్షణం ఆగి, దాన్ని మేనకోడలి చేతిలో పెట్టింది.

"నేనా?"

"రెండు నెలలుగా కళ్ళార్పకుండా చూస్తున్నావుగా. నేర్చుకోకుండానే చూశావా? నాకు జ్వరమొస్తే ఎవరు వేస్తారు, మీ మామయ్యా?" తర్వాత, నర్సమ్మకు కూడా వినపడేంత గట్టిగా, ప్రతి మాటా ఒక కుట్టులా వేస్తూ అంది: "తప్పు నీ చేతిది కాదమ్మా. నా టేపుది. రేపటినుంచి కత్తెర నీదే."

కోరపన్ను వెనక వేలు. నోరు తెరుచుకుంది. నాలుక వెనక్కి మాత్ర. గొంతు కింద రెండు వేళ్ళు, ముక్కు మీద చిన్న ఊపిరి. షాపులో నలుగురూ ఒక పిల్లి ముక్కు వంక చూస్తూ నిలబడిపోయారు. బాబిన్ అందరినీ ఒకసారి తాపీగా చూశాడు. తర్వాత నాలుక బయటపెట్టి ముక్కు నాకాడు.

"శభాష్రా" అన్నారు అత్తా మేనకోడలూ ఒకేసారి.

ఆ పూటే అత్త డాక్టరమ్మకు ఫోను చేసింది. తర్వాత వకీలుగారికి, బేకరీ అమ్మాయికి, డ్రైవరుకు వరసగా చేసి, "కొలత తప్పు తీశాను, నాదే పొరపాటు, మళ్ళీ ఒకసారి రండి" అని చెప్పింది. సాకు ఒక్కటి చెప్పలేదు. టేపు మీద కూడా పెట్టలేదు. మందు వేసే చెయ్యి ఎంత గొప్పదో మేనకోడలు రోజూ చూసేది. ఆ ఫోను పట్టుకున్న చెయ్యి ఇంకా గొప్పదని ఆ రోజు తెలిసింది.

సోమవారం మాత్రం వెళ్ళక తప్పలేదు. రక్తం చూడాలి, టేపు మాట ఒక్కటే చాలదు అంది డాక్టరమ్మ. బుట్టలో అత్త వాసన ఉన్న పాత గుడ్డ వేసి, దారి పొడుగునా ఇద్దరూ చెరోవైపూ కబుర్లు చెబుతూ తీసుకెళ్ళారు. బాబిన్ ఈసారి రొప్పలేదు, కేకలు మాత్రం పెట్టాడు. మొదటిసారి మూడు కిలోల వంద గ్రాములు ఉన్నవాడు మూడున్నరకు వచ్చాడు. మందు అదే మోతాదులో సాగించమంది డాక్టరమ్మ. ఎంతకాలం అని అడగబోయిన మేనకోడలు, మొదటిరోజు చెప్పిన మాట గుర్తొచ్చి ఆగిపోయింది. అత్త అయితే ఆ ప్రశ్న ఏనాడూ అడగలేదు.

మెత్తటి టేపు మళ్ళీ పెట్టె అడుక్కి పోయింది. మంగళవారం పొద్దున మేనకోడలు షాపులోకి వచ్చేసరికి అత్త బిరుసు టేపు ఒళ్ళో పెట్టుకుని ఏదో చేత్తో కుడుతోంది. దగ్గరికెళ్ళి చూస్తే, చల్లగా తగిలే ఆ ఇత్తడి కొనకు లైనింగు గుడ్డతో గోరంత తొడుగు.

మామయ్య కూడా తొంగిచూశాడు. "బాగుంది. ఇప్పుడు ఆ తొడుగు మందం కలిసి మళ్ళీ లెక్క తప్పదు కదా?"

అత్త దారం పంటితో తెంపి, టేపును మేనకోడలికి అందించింది. "స్కేలు మీద పెట్టి చూడవే. మీ మామయ్యకి చూపించు."

సున్నా దగ్గర సున్నా. పన్నెండు దగ్గర పన్నెండు.